రెండు నెట్‌వర్క్‌ల మధ్య నాట్: ఏ రకం ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు అసలు పెట్టకూడదు

రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లను ఒక రౌటర్‌తో కలపాల్సి వచ్చినప్పుడు, నాట్ (ప్యాకెట్ దాటేటప్పుడు రౌటర్ అందులోని అడ్రస్ మార్చే పద్ధతి) మెనూలో కనిపించే పేర్లు చూస్తేనే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. సోర్స్ నాట్, డెస్టినేషన్ నాట్, మాస్క్వెరేడ్, వన్‌-టు-వన్, నెట్‌మ్యాప్, పోర్ట్ ఫార్వర్డింగ్. ఎక్కువమంది ఒక మాస్క్వెరేడ్ రూల్ (లోపలి వాళ్లందరినీ రౌటర్ అడ్రస్‌తోనే బయటికి పంపేది) పెట్టేసి, పింగ్ వెళ్తోందో లేదో చూసుకుని, వెళ్తే అక్కడితో వదిలేస్తారు. కొన్నాళ్లకు అవతలి సర్వర్ లాగ్‌లో యూజర్లందరూ ఒకే అడ్రస్‌తో కనిపిస్తారు. లేదంటే ఇటు నుంచి అటు అన్నీ వెళ్తుంటాయి కానీ, అటు నుంచి ఇటు ఉన్న ప్రింటర్‌కి ఒక్క పేజీ కూడా రాదు. అప్పుడు తల పట్టుకుని కూర్చోవడం తప్పదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాట్ లేకుండా మామూలు రూట్‌తో పని జరుగుతుందా అని మొట్టమొదట చూడండి. జరిగితే నాట్ పెట్టొద్దు. జరగని పక్షంలో, కనెక్షన్‌ను ఏ వైపు మొదలుపెడుతుందో తేల్చుకోండి. మిగతా ఎంపికలో సగం దాంతోనే తేలిపోతుంది.

## ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు

కనెక్షన్ ఎవరు మొదలుపెడతారు? ఇటు వైపేనా, అటు వైపేనా, రెండు వైపులా? ఇది అన్నిటికంటే ముఖ్యం. "రెండు వైపులా కావాలి" అని అలవాటుగా అనేస్తుంటారు. నిజంగా కూర్చుని రాసుకుంటే చాలాసార్లు ఒక వైపే సరిపోతుంది.

రెండు వైపులా ఒకే అడ్రస్ రేంజ్ ఉందా? ప్రైవేటు అడ్రస్‌లుగా కేటాయించినవి మూడే: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. (చివర / తర్వాతి అంకె, అడ్రస్‌లోని 32 బిట్లలో ఎన్ని నెట్‌వర్క్‌వో చెబుతుంది.) 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 (ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే పత్రాల్లో ఒకటి) వీటిని ఎవరైనా, ఎవరినీ అడక్కుండా వాడుకోవచ్చని చెప్పింది. అందుకే 192.168.1.0/24 లోకమంతా ఉంది. మీరు కలపబోయే రెండు నెట్‌వర్క్‌లలోనూ అదే ఉండే అవకాశం చాలా ఎక్కువ. డాకర్ (అప్లికేషన్లను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసిన సర్వర్లున్న చోట 172.17.0.0/16 సంగతి కూడా చూసుకోండి, ఎందుకంటే అది డాకర్ తనంతట తాను పెట్టుకునే రేంజ్.

ఎవరొచ్చారో అవతలి వైపు తెలియాలా? ఆడిట్ లాగ్‌లు, అడ్రస్‌ని బట్టి ఇచ్చే అనుమతులు, ఒక్కో యూజర్‌కి పెట్టే పరిమితులు, ఇవన్నీ సోర్స్ అడ్రస్ మీదే ఆధారపడతాయి.

అవతలి రౌటర్ మీద మీకు అధికారం ఉందా? తిరుగు రూట్ (జవాబు మీ వైపుకి వచ్చే దారి) వేయించగలరా అన్నదే దీని అర్థం. వేయించలేకపోతే నాట్ తప్పదు.

బయటి వైపు మీ చేతిలో ఎన్ని అడ్రస్‌లు ఉన్నాయి, ఏయే ప్రోటోకాల్స్ నడుస్తాయి అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

## ఒక ప్యాకెట్‌ని దగ్గర నుంచి చూస్తే

లోపల 192.168.10.25 అనే కంప్యూటర్ తన 51514 పోర్ట్ (ఒకే అడ్రస్‌లోని కనెక్షన్లను వేరు చేసే నంబర్) నుంచి, బయట ఉన్న 198.51.100.80 సర్వర్‌లోని 443 పోర్ట్‌కి కనెక్షన్ తెరుస్తోంది అనుకుందాం. రౌటర్ బయటి అడ్రస్ 203.0.113.9. (ఈ రెండు బయటి రేంజ్‌లూ ఉదాహరణల కోసమే కేటాయించినవి కాబట్టి నిశ్చింతగా వాడుకోవచ్చు.)

రౌటర్ ఆ ప్యాకెట్‌లో సోర్స్ అడ్రస్ తీసేసి 203.0.113.9 అని రాస్తుంది. 51514 పోర్ట్ ఖాళీగా ఉంటే అదే ఉంచుతుంది, లేకపోతే వేరే పోర్ట్ ఇస్తుంది. ఐపీ హెడర్ చెక్‌సమ్‌తో పాటు టీసీపీ చెక్‌సమ్ కూడా సరిచేస్తుంది, ఎందుకంటే టీసీపీ చెక్‌సమ్ లెక్కలో రెండు వైపుల ఐపీ అడ్రస్‌లూ ఉంటాయి. తర్వాత తన పట్టికలో "ఈ లోపలి జత, ఈ బయటి జత" అని ఒక వరుస రాసుకుంటుంది. జవాబు 203.0.113.9కి వచ్చినప్పుడు ఆ వరుస చూసి, డెస్టినేషన్‌ను తిరిగి 192.168.10.25గా మార్చి లోపలికి పంపుతుంది.

ఆ వరుసను పుట్టించేది మొదటి ప్యాకెట్. బయట నుంచి ఎవరో కొత్తగా వచ్చి 203.0.113.9 తలుపు తడితే, పట్టికలో వరుస లేదు కాబట్టి ఎవరికి అప్పగించాలో రౌటర్‌కి తెలియదు. కనెక్షన్ ఎవరు మొదలుపెడతారు అన్న ప్రశ్నకి అంత బరువు అందుకే. నాట్ రకాల్లోని తేడాలన్నీ ఈ పట్టికను ఎవరు, ఎప్పుడు నింపుతారు అన్న దగ్గరే పుడతాయి.

## నాట్ లేకుండా, ఉత్త రూట్

రెండు నెట్‌వర్క్‌లూ మీవే, అడ్రస్‌లు ఢీకొట్టవు, రెండు రౌటర్లలోనూ రూట్ వేయగలరు. అలాంటప్పుడు అటు ఒక రూట్, ఇటు ఒక రూట్ వేస్తే చాలు. లాగ్‌లో అసలు అడ్రస్‌లే కనిపిస్తాయి, రెండు వైపుల నుంచీ కనెక్షన్లు తెరుచుకుంటాయి, సమస్య వస్తే వెతకడం తేలిక.

ఇక్కడ జనం నాట్‌కి దిగడానికి మామూలు కారణం తిరుగు రూట్ మర్చిపోవడం. ఇటు నుంచి ప్యాకెట్ అటు చేరుతుంది, అవతలి సర్వర్ జవాబు ఇస్తుంది, కానీ ఆ సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే వేరే రౌటర్ కావడంతో జవాబు ఎటో పోతుంది. మాస్క్వెరేడ్ పెట్టగానే సోర్స్ అడ్రస్ పక్కనున్న రౌటర్‌ది అవుతుంది, జవాబు సరిగ్గా వచ్చేస్తుంది. "పని చేసింది" అనిపిస్తుంది. నిజానికి లేని రూట్‌ను కప్పిపుచ్చారు, అంతే. అవతలి గేట్‌వేలో ఒక్క రూట్ వేసి ఉంటే సరిపోయేది.

సైట్‌కి సైట్‌కి మధ్య వీపీఎన్ టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లను కలిపే గుప్త దారి) వేసినప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఇంటర్నెట్ కోసం ముందే పెట్టిన మాస్క్వెరేడ్ రూల్ టన్నెల్‌లోకి వెళ్లే ప్యాకెట్లను కూడా మార్చేస్తుంది. "అవతలి సబ్‌నెట్‌కి వెళ్లేవాటికి నాట్ వద్దు" అనే మినహాయింపు రూల్‌ను మాస్క్వెరేడ్ కంటే పైన పెట్టాలి. కింద పెడితే దాని దాకా ప్యాకెట్ రాదు.

## అందరికీ ఒకే బయటి అడ్రస్: సోర్స్ నాట్, మాస్క్వెరేడ్

ఇళ్లలో, ఆఫీసుల్లో ఇంటర్నెట్ నడిచేది దీని మీదే. లోపలి వాళ్లే కనెక్షన్లు మొదలుపెడతారు, బయటి అడ్రస్ ఒకటే ఉంది, బయట వాళ్లకి లోపలి అడ్రస్‌లు తెలియక్కర్లేదు. ఈ మూడూ నిజమైతే కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకోవచ్చు.

లినక్స్‌లో దీనికి రెండు దారులు. బయటి అడ్రస్ మారనిదైతే సోర్స్ నాట్‌లో ఆ అడ్రస్ నేరుగా రాయండి. ప్రొవైడర్ ఇచ్చే అడ్రస్ మారుతూ ఉంటే మాస్క్వెరేడ్ పెట్టండి. అది ఆ ఇంటర్‌ఫేస్‌కి అప్పుడున్న అడ్రస్ ఏదో చూసుకుని వాడుతుంది, ఇంటర్‌ఫేస్ పడిపోతే పాత వరుసలను తుడిచేస్తుంది.

పరిమితి పోర్ట్‌ల దగ్గర వస్తుంది. 1024 నుంచి 65535 వరకు లెక్కేస్తే 64,512 పోర్ట్‌లు. ఒకే బయటి అడ్రస్‌తో, ఒకే సర్వర్‌లోని ఒకే పోర్ట్‌కి ఒకేసారి తెరవగల కనెక్షన్లకి హద్దు సుమారుగా అంతే. వేర్వేరు సర్వర్లకైతే అదే పోర్ట్‌ను మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి మామూలు ఆఫీసుకి ఇది ఎప్పుడూ అడ్డు రాదు. కానీ వందల కంటైనర్లు ఒకే డేటాబేస్ చిరునామాకో, ఒకే ఏపీఐకో ఎడతెగకుండా కనెక్షన్లు తెరుస్తుంటే హద్దు తగులుతుంది. అమెజాన్ క్లౌడ్‌లోని నాట్ గేట్‌వే ఒక అడ్రస్‌తో ఒక్కో గమ్యానికి 55,000 కనెక్షన్ల దాకానే ఇస్తుంది. అలాంటి చోట రెండో బయటి అడ్రస్ జోడించాలి.

రెండో ఇబ్బంది సమయానిది. పట్టికలోని వరుస శాశ్వతం కాదు. టీసీపీ కనెక్షన్ ఖాళీగా ఉన్నా కనీసం 2 గంటల 4 నిమిషాలు దాని వరుసను ఉంచాలని 2008లో ఆర్ఎఫ్‌సీ 5382 చెప్పింది. చాలా సిస్టమ్‌లలో టీసీపీ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికే ఉందని చెప్పే చిన్న ప్యాకెట్) 2 గంటలకి ఒకసారి వెళ్తుంది కాబట్టి ఆ లెక్క. అందరూ దాన్ని పాటించరు. అమెజాన్ నాట్ గేట్‌వే 350 సెకన్లకే వరుసను వదిలేస్తుంది. రాత్రంతా ఖాళీగా ఉన్న డేటాబేస్ కనెక్షన్ పొద్దున్నే మొదటి క్వెరీకి తెగిపోతుంటే ఇక్కడే వెతకండి. కీప్‌అలైవ్ వ్యవధి తగ్గిస్తే చాలు. యూడీపీకి (కనెక్షన్ తెరవకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) ఈ గడువు ఇంకా తక్కువ. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ నాట్ వెనక ఉన్నప్పుడు 25 సెకన్లకోసారి ఒక చిన్న ప్యాకెట్ పంపమని సలహా ఇచ్చేది అందుకే.

## బయట నుంచి లోపలికి: పోర్ట్ ఫార్వర్డింగ్

బయటి వాళ్లు మీ లోపలి సర్వర్‌ని చేరాలి, బయటి అడ్రస్ ఒకటే ఉంది. 203.0.113.9లో 443 పోర్ట్‌కి వచ్చింది లోపలి 192.168.10.40కి పంపు అని పట్టిక వరుసను మీరే ముందుగా చెప్పి పెడతారు. ఒకటి రెండు సర్వీసులకి ఇది చక్కగా సరిపోతుంది. 443 పోర్ట్‌లోనే రెండు సర్వర్లు కావాలంటే నాట్ ఏమీ చేయలేదు, ముందు ఒక రివర్స్ ప్రాక్సీ (అడిగిన పేరు చూసి సరైన సర్వర్‌కి అందించేది) పెట్టాలి.

రెండు విషయాలు తప్పకుండా గుర్తుంచుకోండి. లినక్స్‌లో డెస్టినేషన్ మార్పు రూటింగ్ నిర్ణయానికి ముందే జరిగిపోతుంది. కాబట్టి ఫార్వర్డ్ ఫైర్‌వాల్ రూల్‌ని లోపలి అడ్రస్‌తో రాయాలి. బయటి అడ్రస్‌తో రాసిన రూల్ ఎన్నటికీ తగలదు.

రెండోది, లోపల ఉన్నవాళ్లే బయటి పేరుతో ఆ సర్వర్‌ని తెరవబోయినప్పుడు. లోపలి 192.168.10.25 నుంచి ప్యాకెట్ 203.0.113.9కి వెళ్తుంది, రౌటర్ డెస్టినేషన్‌ను 192.168.10.40గా మారుస్తుంది. సర్వర్ చూస్తే సోర్స్ తన సబ్‌నెట్‌లోనే ఉంది. జవాబు రౌటర్‌కి ఇవ్వకుండా నేరుగా 192.168.10.25కి ఇచ్చేస్తుంది. 203.0.113.9 నుంచి జవాబు కోసం చూస్తున్న ఆ కంప్యూటర్, 192.168.10.40 నుంచి వచ్చినదాన్ని పారేస్తుంది. దీనికి హెయిర్‌పిన్ నాట్ పెట్టి సోర్స్‌ను కూడా రౌటర్ అడ్రస్‌గా మార్చవచ్చు. నేనైతే లోపలి డీఎన్ఎస్‌లో ఆ పేరుకి లోపలి అడ్రస్ ఇచ్చే పద్ధతినే ఇష్టపడతాను. ప్యాకెట్ రౌటర్ దాకా అనవసరంగా వెళ్లి రాదు, సర్వర్ లాగ్ కూడా చెడదు.

ఇంకో ముందు జాగ్రత్త: మీ రౌటర్ బయటి అడ్రస్ 100.64.0.0 నుంచి 100.127.255.255 లోపల ఉంటే, ప్రొవైడర్ దగ్గర ఇంకో నాట్ ఉందని అర్థం. 2012లో ఆ రేంజ్‌ని అందుకోసమే కేటాయించారు. మీ రౌటర్‌లో ఎంత బాగా పోర్ట్ ఫార్వర్డ్ చేసినా ప్యాకెట్ మీ దాకా రాదు. పబ్లిక్ అడ్రస్ అడిగి తీసుకోవాలి, లేదా బయట ఉన్న సర్వర్‌కి మీ వైపు నుంచి టన్నెల్ తెరవాలి.

## ఒకటికి ఒకటి: స్టాటిక్ నాట్, నెట్‌మ్యాప్

ఒక లోపలి అడ్రస్‌కి ఒక బయటి అడ్రస్, అన్ని పోర్ట్‌లకీ. రెండు వైపుల నుంచీ కనెక్షన్ తెరవచ్చు. లాగ్‌లో ఏ అడ్రస్ ఎవరిదో చెప్పవచ్చు. పోర్ట్ నంబర్లు మారవు కాబట్టి మొండి ప్రోటోకాల్స్ కూడా కాస్త తేలిగ్గా నడుస్తాయి. బయటి వైపు అన్ని అడ్రస్‌లు ఉండాలన్నదే ఖర్చు. ప్రైవేటు నెట్‌వర్క్‌ల మధ్య ఆ ఖర్చు లేదు. 10.0.0.0/8లో కోటీ అరవై ఏడు లక్షలకు పైగా అడ్రస్‌లు ఉన్నాయి.

నెట్‌మ్యాప్ అంటే ఇదే పని మొత్తం సబ్‌నెట్‌కి ఒకే రూల్‌తో చేయడం. నెట్‌వర్క్ భాగం మారుతుంది, చివరి అంకె అలాగే ఉంటుంది.

డైనమిక్ నాట్ అని ఇంకోటి ఉంది: ఒక అడ్రస్‌ల గుంపు నుంచి ముందు వచ్చినవాళ్లకి ముందు ఒక్కో అడ్రస్ ఇస్తుంది. గుంపు అయిపోతే తర్వాతి వాళ్లకి దారి లేదు. కొత్తగా పెట్టేవాళ్లకి దీన్ని ఎంచుకోమని చెప్పడానికి నాకు మంచి కారణం కనిపించదు.

## రెండు వైపులా ఒకే రేంజ్ ఉంటే

అసలు కష్టం ఇక్కడ ఉంది. రెండు సంస్థలు కలిశాయి, లేదా రెండు బ్రాంచ్‌లను విడివిడిగా ఎవరో సెట్ చేశారు, రెండు చోట్లా 192.168.1.0/24 ఉంది. ఇటు ఉన్న 192.168.1.20 అటు ఉన్న 192.168.1.50తో మాట్లాడాలి. కానీ ఇటు కంప్యూటర్‌కి 192.168.1.50 తన పక్కనే ఉన్నట్టు లెక్క. ఏఆర్‌పీతో (సొంత నెట్‌వర్క్‌లో ఒక అడ్రస్ ఎవరిదో అడిగే పద్ధతి) చుట్టుపక్కల వెతుకుతుంది, రౌటర్ దాకా ప్యాకెట్ రానే రాదు.

దారి ఏమిటంటే, ఒక్కో వైపుకి అవతలి వాళ్ల కోసం ఒక మారు రేంజ్ ఇవ్వడం. ఇటు వైపుకి 10.101.1.0/24, అటు వైపుకి 10.102.1.0/24 అనుకుందాం. ఒక్కో రౌటర్ తన వైపు మాత్రమే నెట్‌మ్యాప్ చేస్తుంది.

ఇటు 192.168.1.20 నుంచి ప్యాకెట్ 10.102.1.50కి బయలుదేరుతుంది. ఇటు రౌటర్ సోర్స్‌ను 10.101.1.20గా మార్చి టన్నెల్‌లోకి పంపుతుంది. అటు రౌటర్ డెస్టినేషన్ 10.102.1.50ని 192.168.1.50గా మార్చి సర్వర్‌కి ఇస్తుంది. సర్వర్‌కి కనిపించే సోర్స్ 10.101.1.20, అది తన సబ్‌నెట్‌ది కాదు కాబట్టి జవాబు బుద్ధిగా గేట్‌వేకే వెళ్తుంది. తిరుగు దారిలో ఇవే మార్పులు తలకిందులుగా జరుగుతాయి.

రెండు మార్పులూ ఒకే రౌటర్‌లో చేయడాన్ని ట్వైస్ నాట్ అంటారు. అవతలి రౌటర్ మీద మీకు చేయి లేనప్పుడు ఇదొక్కటే దారి. అయితే లినక్స్ రౌటర్‌లో డెస్టినేషన్ ముందే 192.168.1.50గా మారిపోతుంది, తర్వాత రూట్ చూస్తే అది మీ సొంత లాన్ వైపే చూపిస్తుంది. ప్యాకెట్ టన్నెల్‌లోకి వెళ్లకుండా ఇంట్లోనే తిరుగుతుంది. డెస్టినేషన్ మారకముందే ప్యాకెట్‌కి ఒక గుర్తు వేసి, ఆ గుర్తు ఉన్నవాటిని వేరే రూటింగ్ టేబుల్‌తో పంపాలి. లేదా రెండు వైపులనీ వేర్వేరు వీఆర్‌ఎఫ్‌లలో (ఒకే రౌటర్‌లోని విడివిడి రూటింగ్ టేబుళ్లు) ఉంచాలి. చేయదగ్గదే, కానీ మీ తర్వాత వచ్చేవాళ్లకి అర్థం కావాలంటే బొమ్మ గీసి పెట్టాల్సిందే. వీలున్నంత వరకు రెండు రౌటర్లలో పంచుకోవడమే మేలు.

డీఎన్ఎస్ మర్చిపోకండి. అవతలి డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగితే 192.168.1.50 అనే చెబుతుంది, అది ఇటు పనికిరాదు. ఇటు వాళ్లకి 10.102.1.50 అని చెప్పే జోన్ వేరుగా ఉండాలి.

మరి అడ్రస్‌లే మార్చేస్తే? ఒక వైపు చిన్నదై, అడ్రస్‌లు డీహెచ్‌సీపీతో (అడ్రస్‌లను తానే పంచే పద్ధతి) వస్తుంటే, ఒక సెలవు రోజు కూర్చుని ఆ సబ్‌నెట్‌ను మార్చేయడమే నా సలహా. స్టాటిక్ అడ్రస్‌లతో బిగించిన యంత్రాలు, లైసెన్స్‌లు, పాత అప్లికేషన్లు ఉంటే నెట్‌మ్యాప్‌తో మొదలుపెట్టి, మార్చే పని విడతలవారీగా చేయండి. అమెజాన్ క్లౌడ్‌లో రెండు వీపీసీలను (క్లౌడ్‌లోని సొంత నెట్‌వర్క్‌లు) పీరింగ్‌తో నేరుగా కలపాలంటే రేంజ్‌లు ఢీకొట్టకూడదన్న నియమమే ఉంది, కాబట్టి క్లౌడ్‌లో కొత్త నెట్‌వర్క్ వేసేటప్పుడే ఎవరూ వాడని రేంజ్ చూసుకోండి.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఎవరు మొదలుపెట్టగలరు | అవతలి వైపు కనిపించేది | ఎక్కడ నప్పదు |
|---|---|---|---|
| ఉత్త రూట్ | రెండు వైపులా | అసలు అడ్రస్ | రేంజ్‌లు ఢీకొంటే, తిరుగు రూట్ వేయించలేకపోతే |
| మాస్క్వెరేడ్ / సోర్స్ నాట్ | లోపలి వాళ్లే | ఒకే అడ్రస్ | ఎవరొచ్చారో తెలియాల్సిన చోట |
| పోర్ట్ ఫార్వర్డింగ్ | బయటి వాళ్లు, చెప్పిన పోర్ట్‌కి | రౌటర్ బయటి అడ్రస్ | ఒకే పోర్ట్‌కి చాలా సర్వర్లుంటే |
| స్టాటిక్ / నెట్‌మ్యాప్ | రెండు వైపులా | ఒక్కొక్కరికి ఒక్కో మారు అడ్రస్ | పబ్లిక్ అడ్రస్‌లు కొద్దిగానే ఉంటే |
| ట్వైస్ నాట్ | రూల్‌ని బట్టి | మారు అడ్రస్ | ఉత్త రూట్‌తో పని అయ్యే చోట |

## మీ పరిస్థితి ఏది?

బయటి సంస్థ నెట్‌వర్క్‌తో లింక్. వాళ్లు మీకు ఒకే అడ్రస్ అనుమతిస్తారు, మీరే కనెక్షన్ తెరుస్తారు. సోర్స్ నాట్ సరిగ్గా సరిపోతుంది. మీ లోపలి రేంజ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎవరు ఎప్పుడు వెళ్లారన్నది వాళ్ల దగ్గర ఉండదు కాబట్టి ఆ లాగ్ మీ రౌటర్‌లోనే ఉంచుకోండి.

రెండు బ్రాంచ్‌లు, ఒకే యాజమాన్యం. ఉత్త రూట్. రేంజ్‌లు ఢీకొంటే చిన్న బ్రాంచ్‌ది మార్చండి.

ఇంటర్నెట్ ఫోన్లు, ఎఫ్‌టీపీ, ఐపీసెక్ ఉన్నవాళ్లు. సిప్ (ఇంటర్నెట్ ఫోన్ల ప్రోటోకాల్), ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపేది) రెండూ అడ్రస్‌ను హెడర్‌లోనే కాక లోపలి డేటాలో కూడా రాసి పంపుతాయి. రౌటర్‌లోని ఏఎల్‌జీ (ఆ లోపలి డేటాను చదివి మార్చే భాగం) దాన్ని సరిచేయాలని చూస్తుంది, ఒక్కోసారి ఇంకా చెడగొడుతుంది. ఒకవైపే గొంతు వినిపిస్తుంటే మొదట సిప్ ఏఎల్‌జీ ఆపి చూడండి. ఐపీసెక్ వీపీఎన్‌లో డేటాను మోసే ఈఎస్‌పీకి పోర్ట్‌లే లేవు, అందుకే నాట్ దాటేటప్పుడు అది యూడీపీ 4500లో చుట్టుకుని వెళ్తుంది. ఆ పోర్ట్‌ను, దాంతోపాటు 500ను తెరిచి ఉంచాలి.

ఐపీవీ6 వైపు వెళ్తున్నవాళ్లు. అక్కడ అడ్రస్‌ల కొరత లేదు, ఉత్త రూట్‌తో మొదలుపెట్టండి. ఐపీవీ6 మాత్రమే ఉన్న కంప్యూటర్లు పాత ఐపీవీ4 సర్వర్లని చేరాలంటే నాట్64 కావాలి, దానికి తోడుగా డీఎన్ఎస్64 ఉండాలి.

ఎవరికైనా వర్తించేది ఒకటి: నాట్‌ను ఫైర్‌వాల్‌గా లెక్కేయకండి. ఫార్వర్డ్ పాలసీ తెరిచి ఉన్న లినక్స్ రౌటర్‌లో మాస్క్వెరేడ్ ఎంత ఉన్నా, బయటి వైపు అదే సెగ్మెంట్‌లో ఉన్నవాడు మీ లోపలి రేంజ్‌కి మీ రౌటర్ మీదుగా రూట్ వేసుకుంటే ప్యాకెట్లు లోపలికి వచ్చేస్తాయి. ఆపే రూల్ విడిగా రాయాలి.

## పెట్టాక సరిచూసుకోవడం

రౌటర్ రెండు ఇంటర్‌ఫేస్‌లలోనూ ఒకేసారి ప్యాకెట్ క్యాప్చర్ పెట్టండి. లోపలికి వచ్చినప్పుడు సోర్స్, డెస్టినేషన్ ఏమిటి, బయటికి వెళ్లినప్పుడు ఏమిటి, జవాబు ఏ ఇంటర్‌ఫేస్‌లో వచ్చింది అన్నది చూడండి. బయటికి వెళ్లి జవాబు రాకపోతే తప్పు తిరుగు రూట్‌లోనో అవతలి ఫైర్‌వాల్‌లోనో ఉంది. అసలు బయటికే వెళ్లకపోతే మీ రూల్‌లోనో రూట్‌లోనో ఉంది.

ఇంకోటి, పింగ్‌ను నడుస్తూ వదిలేసి రూల్స్ మార్చకండి. లినక్స్ నాట్ రూల్స్‌ని కనెక్షన్‌లోని మొదటి ప్యాకెట్‌కే చూస్తుంది, తర్వాతివన్నీ పట్టికలోని పాత వరుస ప్రకారమే వెళ్తాయి. నడుస్తున్న పింగ్ ఆ వరుసను బతికిస్తూనే ఉంటుంది. మీరు రూల్ సరిగ్గా మార్చినా ఏమీ మారనట్టే కనిపిస్తుంది, దాంతో బాగున్న రూల్‌ని మళ్లీ తిరగరాస్తారు. పింగ్ ఆపి, కాన్‌ట్రాక్ పట్టికలో (ఇంతసేపూ చెప్పుకున్న పట్టిక ఇదే) ఆ వరుస తీసేసి, మళ్లీ మొదలుపెట్టి అప్పుడు చూడండి.